కొమ్మున్న పురుగును పోల్చుకోవాలంటే ముందు మొక్కను చూడాలి

క్లుప్తంగా: ఒంటి మీద వెంట్రుకలు లేకుండా, తోక దగ్గర ఒకే ఒక్క కొమ్ము ఉంటే అది దాదాపుగా హాక్ మాత్ (సీతాకోకచిలుకను పోలిన, ఎక్కువగా రాత్రిపూట ఎగిరే కీటకం) పిల్ల పురుగే. అది కుట్టదు, దాని కొమ్ములో విషం లేదు. ఏ రకమో తేల్చడానికి రంగు కంటే అది తింటున్న మొక్కే గట్టి ఆధారం. గుడ్డు నుంచి రెక్కల మాత్ దాకా గోదావరి డెల్టా వేడికి సుమారు నెల, నెలన్నర పడుతుంది. పురుగు కంటపడేంత పెద్దదయ్యేసరికి దాని తిండి దాదాపు పూర్తయిపోతుంది కాబట్టి అప్పుడు మందు కొట్టినా పెద్దగా ఉపయోగం ఉండదు.

వానలు పట్టింది మొదలు కార్తీకం దాకా గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరుగుతూ ఉంటుంది. వేలెడు పొడుగు, లేతాకుపచ్చ ఒళ్ళు, తల వెనక రెండు నీలి కళ్ళు, చివర కొమ్ము. ఫొటో కింద రాత మాత్రం మనిషి మనిషికీ మారుతుంది. పాము పిల్లని ఒకరు, ముట్టుకుంటే ప్రాణం పోతుందని మరొకరు. ఈ భయానికి ఆజ్యం పోసింది 2022 సెప్టెంబర్‌లో మహారాష్ట్రలో పాకిన ‘ఘోణస్ అళి’ పుకారు. ఒక పురుగు కుట్టి మనుషులు చనిపోతున్నారన్న ఫార్వర్డ్‌లు అప్పట్లో రాష్ట్రాలు దాటి వచ్చాయి. చివరికి అది స్లగ్ జాతి పురుగనీ, మంట పుట్టిస్తుంది గానీ ప్రాణాలు తీసేది కాదనీ నిపుణులు వివరించాల్సి వచ్చింది. ఆ పురుగుకీ, నందివర్ధనం కొమ్మ మీద కనిపించే ఈ పురుగుకీ ఏ పోలికా లేదు. అయినా ఫార్వర్డ్‌లలో రెండూ ఒకే గాటన పడిపోయాయి.

కుట్టే పురుగులు వేరు

డెల్టాలో పురుగు తగిలి ఒళ్ళు మండడం కొత్త సంగతి కాదు. మునగ చెట్టు మొదట్లో గుంపుగా అంటిపెట్టుకునే బొంత పురుగులు ఎంత దురద పెడతాయో పల్లెల్లో చిన్న పిల్లలకి కూడా తెలుసు. కోనసీమ కొబ్బరి తోటల్లో స్లగ్ పురుగు ఉధృతి వచ్చినప్పుడు దింపు తీసేవాళ్ళు చెట్టెక్కడానికే వెనకాడతారు. ఈ రెండింటి ఆయుధం ఒంటి మీదే ఉంటుంది. స్లగ్ పురుగు ముళ్ళు బోలుగా ఉండి, మొదట్లో విషగ్రంథి ఉంటుంది. తాకగానే ముల్లు కొన చర్మంలో విరిగి, లోపలి ద్రవం దిగుతుంది. బొంత పురుగు వెంట్రుకలు ఊడి చర్మానికి గుచ్చుకుని దద్దుర్లు తెస్తాయి.

హాక్ మాత్ పురుగుకి ఈ ఏర్పాటే లేదు. చర్మం నున్నగానో, కాస్త గరుకుగానో ఉంటుంది. కొమ్ము చూడ్డానికి ముల్లులా ఉన్నా లోపల విషగ్రంథి ఉండదు, వేలితో నొక్కితే వంగిపోతుంది. పొట్ట వైపు తిప్పి చూస్తే తేడా ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. హాక్ మాత్ పురుగుకి ముందు మూడు జతల కీళ్ళున్న కాళ్ళు, వెనక ఐదు జతల కండపట్టిన పట్టుకాళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. స్లగ్ పురుగుకి కాళ్ళున్నట్టే తెలియదు, నత్తలాగా జారుతూ పోతుంది.

ఇక ఆ కళ్ళ సంగతి. గన్నేరు మీద పెరిగే పురుగుకి తల వెనక మూడో ఖండం మీద ఉండే నీలం, తెలుపు గుండ్రాలు నిజం కళ్ళు కావు, ఒట్టి మచ్చలు. అసలు కళ్ళు తల మీద ఒక్కో పక్క ఆరేసి చుక్కలుగా ఉంటాయి. అవి ఎంత చిన్నవంటే భూతద్దం లేకుండా కనపడవు. పురుగుని కదిపితే తలను లోపలికి లాక్కుని, ముందు భాగాన్ని ఉబ్బించి పైకి లేపుతుంది. అంతదాకా మడతలో దాక్కున్న మచ్చలు అప్పుడు విచ్చుకుంటాయి. పిట్టకి ఆ క్షణంలో ఎదురుగా కనిపించేది పురుగు కాదు, పాము తల. ఆ ఒక్క క్షణం తడబాటే పురుగుకి కావలసింది. పాము పిల్ల అన్న పుకారు పుట్టిందంటే పురుగు వేషం మనుషుల దగ్గర కూడా పారినట్టే లెక్క.

మరీ చికాకు పెడితే కొన్ని నోటి నుంచి ఆకుపచ్చ ద్రవం కక్కుతాయి. అది సగం అరిగిన ఆకు రసం. గన్నేరు తిన్న పురుగైతే మాత్రం అది తగిలిన చేతుల్ని సబ్బుతో కడుక్కోవడం మంచిది, ఎందుకంటే విషం ఆ మొక్కది.

ఆకును బట్టి పురుగు

హాక్ మాత్‌లు స్ఫింజిడే కుటుంబానికి చెందినవి. ప్రపంచం మొత్తం మీద సుమారు 1,450 రకాలు గుర్తించారు. అయితే ఒక ఇంటి పెరట్లోనో, ఒక చేలోనో ఎదురయ్యేవి చాలా కొద్ది. తల్లి మాత్ తన పిల్లలు తినగలిగే మొక్కను వాసన బట్టి, కాళ్ళతో తాకి రుచి బట్టి ఎంచుకుని గుడ్డు పెడుతుంది. అందువల్ల మొక్క పేరు తెలిస్తే జాబితా రెండు మూడు పేర్లకు కుదించుకుపోతుంది.

గన్నేరు, నందివర్ధనం, బిళ్ళ గన్నేరు మీద దొరికితే అది డాఫ్నిస్ నెరీ. నీలి మచ్చలు, పక్కల వెంబడి తెల్లటి గీత, దాని చుట్టూ చల్లినట్టు తెల్ల చుక్కలు, చివర పొట్టిగా కిందికి వంగిన పసుప్పచ్చ కొమ్ము దీని గుర్తులు. ఇదే గన్నేరు మీద ఇంకో పురుగు కూడా ఉంటుంది. నలుపు, తెలుపు, నారింజ పట్టీలతో, ఒంటి మీద నాలుగు జతల నల్లటి మెత్తని తీగలతో కనిపిస్తే అది యుప్లోయా కోర్ అనే సీతాకోకచిలుక పిల్ల. ఒకే కొమ్ము, అదీ చివర్లో ఉంటేనే హాక్ మాత్.

నువ్వుల చేనులో, వంగ తోటలో, చేలగట్టున ఉమ్మెత్త మీద ఉండేది అఖెరోంటియా స్టిక్స్. డెల్టాలో దొరికే వాటిలో బాగా భారీ పురుగు ఇదే. నిండుగా పెరిగితే తొమ్మిది, పది సెంటీమీటర్లు దాటుతుంది. పక్కల ఏటవాలుగా ఏడు చారలు, గరుకైన వంకర కొమ్ము దీని ఆనవాళ్ళు. కదిపితే దవడలు టకటకలాడించి చప్పుడు చేస్తుంది. కరవడానికి కాదు, బెదరగొట్టడానికే. దీని మాత్ వీపు మీద పుర్రె ఆకారం ఉంటుంది, పట్టుకుంటే కీచుమంటుంది. ఈ రెండు లక్షణాల వల్ల చాలా దేశాల్లో దీన్ని అపశకునంగా చూశారు. ఆ శబ్దం గొంతులోంచి గాలిని లాగి వదలడం వల్ల వచ్చేదే.

చిలగడదుంప తీగ మీద, తూటికూర మీద, దాళ్వాకు (రెండో పంట వరికి) నీరందని చోట వరి కోతల తర్వాత వేసే మినుము, పెసర మీద కనిపించేది అగ్రియస్ కన్వాల్వులి. లంక భూముల్లో కందకు, పెరటి చేమకు అలవాటైనవి హిప్పోషియన్, థెరెట్రా జాతులు. కంద ఆకు మీద నల్లటి ఒంటితో, రెండు పక్కలా పసుపు, ఎరుపు కళ్ళ మచ్చల వరుసతో ఉండే థెరెట్రా ఓల్డెన్‌లాండీని ఒకసారి చూస్తే మరిచిపోవడం కష్టం. నడుస్తున్నప్పుడు కొమ్మును ముందుకీ వెనక్కీ ఊపుతుంది. వాక్కాయ పొద మీదైతే నెఫెలె హెస్పెరా, గంధరాజం మీదైతే సెఫనోడెస్ హైలాస్ అయ్యే అవకాశాలు ఎక్కువ. సెఫనోడెస్ మాత్‌ది ఇంకో విచిత్రం. గూటిలోంచి వచ్చినప్పుడు దాని రెక్కల మీద పొలుసులు ఉంటాయి. మొదటిసారి ఎగరగానే అవి రాలిపోయి రెక్కలు గాజులా తేలతాయి. ఆ తర్వాత పట్టపగలు పూల చుట్టూ తిరుగుతుంటే తుమ్మెద అనుకుంటారు.

ఫోన్ యాప్‌లో ఫొటో పెట్టి వెతికేవాళ్ళకి ఒక చిక్కు తరచూ ఎదురవుతుంది. టమాటా, వంగ కుటుంబం మొక్క మీద కొమ్మున్న పురుగు అనగానే ఇంటర్నెట్ చూపించేది మాండుకా అనే అమెరికా జాతి. మన దేశంలో అది లేదు, ఇక్కడ ఆ మొక్కల మీద ఉండేది అఖెరోంటియానే. అమెరికా పురుగుకు రాసిన సలహాలను ఇక్కడి చేనుకు వాడడంలో అర్థం లేదు. పేరుతో కూడా జాగ్రత్త పడాలి. కోనసీమలో కొమ్ము పురుగంటే కొబ్బరి మొవ్వును తొలిచే నల్లటి పెంకు పురుగు. ఆ పేరు చెప్పి దుకాణంలో మందు అడిగితే చేతికి వచ్చేది దానికి సంబంధించిన మందే.

రంగును నమ్మితే తప్పుదారే

ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి వచ్చినవైనా ఒకటి ఆకుపచ్చగా, ఇంకొకటి పసుపుగా, మరొకటి గోధుమ రంగులో ఉండొచ్చు. అఖెరోంటియాలో ఈ మూడు రంగులూ ఉన్నాయి. అగ్రియస్‌లో పచ్చనివీ ఉన్నాయి, ముదురు గోధుమవీ ఉన్నాయి. వారసత్వంతో పాటు పెరిగిన పరిసరాలు కూడా కొన్ని జాతుల్లో రంగును మారుస్తాయి.

వయసు తెచ్చే మార్పు ఇంకా ఎక్కువ. గన్నేరు పురుగు గుడ్డులోంచి వచ్చినప్పుడు మూడు, నాలుగు మిల్లీమీటర్ల పసుప్పచ్చటి పోగు. ఒంటితో పోలిస్తే బాగా పొడుగ్గా, నల్లటి సన్నని కొమ్ము ఉంటుంది. పెరిగే కొద్దీ ఆ కొమ్ము పొట్టిదై, లావెక్కి, పసుపు రంగుకు తిరుగుతుంది. చివరికి నేలకు దిగే ముందు వీపంతా గోధుమ రంగు కమ్మి, నీలి మచ్చలు నల్లబడతాయి. ఈ మూడు దశల ఫొటోలు పక్కపక్కన పెడితే మూడు వేర్వేరు పురుగులనే అనుకుంటారు.

పక్కల చారలకు కూడా పని ఉంది. చాలా రకాలు కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ తింటాయి. వెలుతురు పడే పొట్ట ముదురు రంగులో, నీడలో ఉండే వీపు లేత రంగులో ఉంటే పురుగు గుండ్రదనం కంటికి ఆనదు, చదునైన ఆకులో కలిసిపోతుంది. ఏటవాలు చారలు ఆకు ఈనెల్ని అనుకరిస్తాయి. అందుకే పురుగు ఉందో లేదో తేల్చుకోవాలంటే కొమ్మ మీద వెతకడం కంటే కింద నేల చూడడం తేలిక. మిరియపు గింజంత ముదురు రంగు రెట్ట, చుట్టూ ఆరు గాడులతో రాలి ఉంటే దానికి నేరుగా పైన పురుగు ఉన్నట్టే. రెట్ట ఇంకా పచ్చిగా ఉంటే వెతుకులాట అయిదు నిమిషాల పని.

గుడ్డు నుంచి రెక్కల దాకా

గుడ్డు లేతాకుపచ్చగా, నున్నగా, ఒకటిన్నర మిల్లీమీటర్ల మేర ఉంటుంది. తల్లి సాధారణంగా ఒక్కో ఆకు అడుగున ఒక్కొక్కటే పెడుతుంది. లద్దె పురుగులాగా కుప్పగా పెట్టకపోవడం వల్లే ఈ పురుగులు చేనంతా ఒక్కసారిగా కమ్ముకోవడం అరుదు. ఇక్కడి వేడికి మూడు నుంచి అయిదు రోజుల్లో గుడ్డు పగులుతుంది.

తర్వాత రెండు, మూడు వారాలు తిండే పని. చర్మం ఒక మేరకే సాగుతుంది కాబట్టి ఇరుకైనప్పుడల్లా దాన్ని విడిచి కొత్తది తొడుక్కుంటుంది. మొత్తం అయిదు దశలు. పెరుగుదల అన్ని దశల్లో సమానంగా ఉండదు, అసలు విషయం ఇక్కడే ఉంది. ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా పరిశీలించిన మాండుకా పురుగు గుడ్డులోంచి వచ్చినప్పుడు మిల్లీగ్రాము ఉంటే, మూడు వారాలు తిరక్కుండా దాదాపు పది గ్రాములవుతుంది, అంటే పదివేల రెట్లు. అందులో సుమారు తొంభై శాతం బరువు చివరి దశలోనే వస్తుంది. నాలుగు దశల పాటు కంటికి ఆనని పురుగు చివరి నాలుగైదు రోజుల్లో కొమ్మలు కొమ్మలు బోడి చేస్తుంది. ‘నిన్న లేదు, రాత్రికి రాత్రి ఎక్కడి నుంచో వచ్చింది’ అన్న మాట ఇందువల్లే పుడుతుంది. పురుగు రెండు వారాల నుంచీ అక్కడే ఉంది.

ఎప్పుడు ఆపాలో దానికి ఎలా తెలుస్తుంది? మాండుకాలో ఒక కీలకమైన బరువు దాటగానే పురుగును పిల్ల దశలోనే ఉంచే జువనైల్ హార్మోన్ రక్తంలో పడిపోతుంది. అది తగ్గాక ఎక్డైసోన్ అనే మరో హార్మోన్ కొద్దిగా విడుదలై పురుగు చేత తిండి మాన్పించి నడక మొదలుపెట్టిస్తుంది. వీపు మధ్య పొడుగ్గా ఉండే గుండె నాళం కొట్టుకోవడం ఆ సమయంలో చర్మం మీద నుంచే కనిపిస్తుంది. అరుగుల మీద, సిమెంటు రోడ్ల మీద హడావిడిగా పోతూ జనం కంట పడేవి ఎక్కువగా ఈ దశలోనివే. అవి ఎవరి మీదికీ రావడం లేదు, మెత్తటి చోటు వెతుక్కుంటున్నాయి.

చోటు దొరికాక దారులు వేరవుతాయి. గన్నేరు పురుగు రాలిన ఆకుల మధ్య పలచటి పట్టుపోగులు అల్లి అక్కడే ప్యూపాగా (పురుగు మాత్‌గా మారే, తిండి లేని దశ) మారుతుంది. అఖెరోంటియా, అగ్రియస్ మట్టిలోకి దిగి చిన్న గది చేసుకుంటాయి. తోట తవ్వుతుంటే ముదురు ఎరుపు ప్యూపా దొరికి, దాని ముందు భాగంలో మరచెంబు పిడిలాంటి వంపు ఉంటే అది అగ్రియస్. పూలలోని తేనె పీల్చడానికి దాని మాత్‌కి ఒంటిని మించిన పొడుగు గొట్టం కావాలి. అంత గొట్టం శరీరంలో ఇమడక బయట వంపుగా తయారవుతుంది. అఖెరోంటియా ప్యూపాకు ఆ పిడి ఉండదు. ఎందుకంటే దాని గొట్టం పొట్టిది. పూల అడుగుకు చాలదు, తేనెపట్టు మైనాన్ని పొడిచి తాగడానికి సరిపోతుంది.

ప్యూపా దశ డెల్టా వాతావరణంలో రెండు వారాలు, కొంచెం అటూ ఇటూ. బయటకొచ్చిన మాత్‌కి రెక్కలు ముడుచుకుపోయి ఉంటాయి. ఏ పుల్లనో పట్టుకుని వేలాడి, ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నాళాల్లోకి తోసి వాటిని విప్పుకుంటుంది. ఎక్కడానికి ఆధారం దొరక్కపోతే రెక్కలు వంకరగా గట్టిపడి ఇక ఎగరలేదు. సీసాలో పురుగును పెంచి చూడాలనుకునే పిల్లలు ఒక పుల్ల నిలబెట్టడం మరిచిపోకూడదు. ఎగరబోయే ముందు మాత్ కాసేపు వణుకుతుంది. చలి వల్ల కాదు, ఎగిరే కండరాల్ని వేడెక్కించడానికి.

విషపు ఆకు తిని ఎలా బతుకుతుంది

గన్నేరులో ఒలియాండ్రిన్ వంటి పదార్థాలు గుండె కణాల్లోని సోడియం పంపును (కణంలోంచి సోడియాన్ని బయటికి తోసే ఏర్పాటును) ఆపేస్తాయి. 2024 మేలో కేరళ దేవస్వం బోర్డులు నైవేద్యంలో గన్నేరు పూల వాడకం మానేసింది ఈ విషం గురించిన భయంతోనే. గన్నేరు తినే కొన్ని కీటకాల్లో ఆ పంపే మారిపోయి, విషం దానికి అతుక్కోదు. డాఫ్నిస్ నెరీలో అలాంటి మార్పు లేదు. దాని నరాల చుట్టూ ఉన్న పొర విషాన్ని లోపలికి పోనివ్వదని పరిశోధనల్లో తేలింది. కొన్ని సీతాకోకచిలుకలు మొక్క విషాన్ని దాచుకుని తమ శత్రువుల మీద వాడతాయి, ఈ పురుగు మాత్రం దాన్ని దాటించుకుని బతకడంతో సరిపెట్టుకుంటుంది. వేషాల మీద అంతగా ఆధారపడడానికి ఇది ఒక కారణం కావచ్చు.

డెల్టాలో దానికి దొరికే వసతులు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద ఏడాది పొడవునా ఏదో ఒక పచ్చదనం ఉండే నేల ఇది. వరి పొలం మాత్రం ఈ పురుగుకి పనికిరాదు. నీరు నిలిచిన మట్టిలో ప్యూపాకు గాలి ఆడదు. గట్లు, పెరళ్ళు, లంకల ఇసుక నేలలు, కొబ్బరి కింద కంద వేసిన తోటలు దానికి అనువైనవి. గోదావరికి వరదొచ్చి లంకలు మునిగితే మట్టిలోని ప్యూపాలు చాలావరకు పోతాయి. అయినా మాత్‌లు దూరాలు ఎగరగలవు కాబట్టి నీరు తీశాక మళ్ళీ బయటి నుంచి వచ్చి చేరతాయి. డాఫ్నిస్, అగ్రియస్ ఆఫ్రికా నుంచి ఐరోపా దాకా వలస పోయే జాతులు.

కడియం, కడియపులంక నర్సరీలది ఇంకో పాత్ర. నందివర్ధనం, గన్నేరు, గంధరాజం, మల్లె అక్కడ పెద్ద ఎత్తున పెరుగుతాయి, లారీల్లో ఇతర రాష్ట్రాలకు వెళతాయి. ఆకు అడుగున గుడ్డు, కుండీ మీది చెత్తలో ప్యూపా ఉంటే అవీ వెళతాయి. సముద్రం మధ్యలోని హవాయి దీవుల్లో 1974లో డాఫ్నిస్ నెరీ కనిపించడం మొక్కల రవాణాతో పురుగులు ఎంత దూరం పోగలవో చెబుతుంది. ఊళ్ళలో పెరిగిన వీధిదీపాలు మాత్‌లను ఇళ్ళ దగ్గరికి లాగుతున్నాయి, అక్కడ వాటికి నందివర్ధనం సిద్ధంగా ఉంటోంది.

మందు కొట్టాలా?

పెరట్లో అవసరం లేదు. పెద్ద పురుగు కనిపించిందంటే నాలుగైదు రోజుల్లో అదే దిగిపోతుంది. గన్నేరు, నందివర్ధనం మళ్ళీ చిగురిస్తాయి. కుండీలోని చిన్న మొక్కైతే చేత్తో తీసి వేరే చెట్టు మీద వేస్తే చాలు. నర్సరీ వాళ్ళ లెక్క వేరు. ఆకు కొరుకుడు ఉన్న మొక్క అమ్ముడుపోదు. వాళ్ళు లేత దశలోనే, కింద సన్నటి రెట్ట కనిపించగానే వేప గింజల కషాయమో, బీటీ మందో (పురుగుల్ని చంపే బ్యాక్టీరియాతో చేసింది) వాడితే పని జరుగుతుంది.

నువ్వు, మినుము చేలల్లో పురుగులు ఎక్కువైతే ఏరివేత, దీపపు ఎరలు, వేసవిలో లోతు దుక్కి పనికొస్తాయి. దుక్కిలో పైకి తేలిన ప్యూపాలను కొంగలు, గోరింకలు వదలవు. పురుగు వీపు మీద తెల్లటి బియ్యపు నూకలంత గూళ్ళు అంటుకుని ఉంటే దాన్ని అసలు తీయకూడదు. అవి పురుగు గుడ్లు కావు, దాన్ని లోపలి నుంచి తినేసిన చిన్న కందిరీగల గూళ్ళు. వాటిని బతకనిస్తే తర్వాతి తరం పురుగుల పని అవే పడతాయి. మందు కొడితే ముందు పోయేది అవే.

మాత్‌ల వల్ల లాభం కూడా ఉంది. బొప్పాయి, చంద్రకాంత లాంటి చీకటి పడ్డాక వాసన వచ్చే పూలకు పుప్పొడి చేరవేసే వాటిలో హాక్ మాత్‌లు ముఖ్యమైనవి. మగ, ఆడ చెట్లు విడిగా ఉండే బొప్పాయి తోటకు ఈ లెక్క చిన్నది కాదు. నిజంగా జాగ్రత్త పడాల్సింది కొబ్బరి తోటల్లో తేనె పెట్టెలు పెట్టినవాళ్ళు. అఖెరోంటియా మాత్ రాత్రిపూట పెట్టెలో దూరి తేనె తాగుతుంది. తేనెటీగల ఒంటి వాసనను పోలిన పదార్థాలు దీని దగ్గరి జాతి ఒంటి మీద దొరికాయి, ఈగలు వెంటనే ఎదురు తిరగకపోవడానికి అదొక కారణం. దీనికి మందు అక్కర్లేదు. పెట్టె ద్వారాన్ని ఈగ పట్టేంత సందుకు తగ్గిస్తే అంత లావు మాత్ లోపలికి పోలేదు.